నక్షత్రాల వల్ల కాని వెలుగు: పరారుణ, రేడియో సర్వేల్లో క్రియాశీల గెలాక్సీలను గుర్తించే తీరు

గెలాక్సీ నడిమధ్యన ఉన్న భారీ కృష్ణబిలం చుట్టుపక్కల వాయువును లోపలికి లాక్కుంటూ ఉంటే ఆ గెలాక్సీని క్రియాశీల గెలాక్సీ అంటారు. పెద్ద గెలాక్సీల్లో దాదాపు అన్నిటి మధ్యలోనూ ఇలాంటి కృష్ణబిలం ఉంది. కానీ ఎప్పుడు చూసినా వాటిలో కొన్నే మేత మీద ఉంటాయి, మిగతావి నిద్రలో ఉన్నట్టే. ఆ కొన్నిటిని కోట్లాది గెలాక్సీల్లోంచి ఏరడమే అసలు పని. మామూలు కాంతిలో వెతికితే నీలంగా మెరిసే క్వేసార్లు (కృష్ణబిలం చుట్టూ పుట్టే వెలుగు గెలాక్సీ వెలుగునే మించిపోయినవి) తేలిగ్గానే చిక్కుతాయి. ధూళి తెర వెనక దాగినవి మాత్రం చిక్కవు. పరారుణ కాంతి చాలావరకు ఆ తెరను దాటుకుని వస్తుంది, రేడియో తరంగాలకైతే ధూళి అడ్డే కాదు. అందుకే ఆకాశాన్ని ఈ రెండు రకాలుగా జల్లెడ పట్టిన సర్వేలు ఈ వేటకు ఆధారమయ్యాయి.

రెండూ వేర్వేరు విద్యల్లా కనిపిస్తాయి గానీ, రెండూ అడిగేది ఒకటే ప్రశ్న: ఈ వెలుగును నక్షత్రాలే ఇవ్వగలవా? ఇవ్వలేవని గట్టిగా తేలిన తర్వాతే కృష్ణబిలం పేరెత్తాలి. కేటలాగుల్లో దొర్లే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ ప్రశ్నను సగంలో వదిలేయడం వల్ల వచ్చినవే.

పరారుణంలో చూసేది రంగు

కృష్ణబిలం చుట్టూ తిరుగుతూ లోపలికి జారే వాయువు అతినీలలోహిత కిరణాలను, ఎక్స్‌ కిరణాలను వెదజల్లుతుంది. కాస్త ఎడంగా ఉన్న ధూళి వాటిని పీల్చుకుని వేడెక్కుతుంది. సుమారు 1500 కెల్విన్లు దాటితే ధూళి రేణువులు ఆవిరైపోతాయి, కాబట్టి ధూళి వేడికి అదే హద్దు. వీన్ సూత్రం ప్రకారం 2898ని 1500తో భాగిస్తే 1.9 మైక్రాన్లు వస్తుంది. అంటే అత్యంత వేడిగా ఉన్న ధూళి ఎక్కువగా వెలిగేది అక్కడ. బయటికి పోయేకొద్దీ ధూళి చల్లబడుతుంది కనుక ఆ వెలుగు ఇరవై ముప్పై మైక్రాన్ల దాకా సాగుతుంది. నక్షత్రాల సంగతి దీనికి పూర్తిగా వేరు. గెలాక్సీలోని నక్షత్రాలన్నిటి వెలుగూ కలిపి చూస్తే 1.6 మైక్రాన్ల దగ్గర శిఖరానికి చేరి, ఆ తర్వాత దిగిపోతుంది. 3 నుంచి 5 మైక్రాన్ల మధ్య ఒకటి దిగుతూ ఉంటుంది, మరొకటి ఎక్కుతూ ఉంటుంది. గుర్తింపు అంతా ఈ తేడా మీదే నిలబడింది.

దీన్ని ఆకాశమంతటా కొలిచింది వైజ్ అనే అంతరిక్ష టెలిస్కోపు. 40 సెంటీమీటర్ల అద్దంతో 2009 డిసెంబరు 14న నింగికెగిరింది. 3.4, 4.6, 12, 22 మైక్రాన్ల వద్ద నాలుగు పట్టీల్లో చూసింది. వీటినే డబ్ల్యూ1, డబ్ల్యూ2, డబ్ల్యూ3, డబ్ల్యూ4 అంటారు. శీతలీకరణకు వాడిన ఘన హైడ్రోజన్ 2010లోనే అయిపోవడంతో చివరి రెండు పట్టీలు మూతబడ్డాయి. మొదటి రెండూ నియోవైజ్ పేరుతో 2013 డిసెంబరు నుంచి 2024 జులై వరకు పనిచేశాయి. ఆల్‌వైజ్ కేటలాగులో 74.7 కోట్ల ఆనవాళ్లు ఉన్నాయి.

ఈ కేటలాగు వాడేవారికి చిరపరిచితమైన గీటురాయి ఒకటుంది: డబ్ల్యూ1 ప్రకాశ పరిమాణం (ఈ కొలమానంలో అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) నుంచి డబ్ల్యూ2ను తీసేస్తే 0.8 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ రావాలి. 2012లో డేనియల్ స్టెర్న్ బృందం దీన్ని ప్రతిపాదించింది. డబ్ల్యూ2 విలువ 15.05 కంటే ప్రకాశవంతంగా ఉన్నవాటికే పరిమితమైతే, స్పిట్జర్ అనే మరో పరారుణ అంతరిక్ష టెలిస్కోపు ఏరిన క్రియాశీల గెలాక్సీల్లో 78 శాతం ఇందులో దొరికాయి, దొరికినవాటిలో 95 శాతం నిజమైనవే. చదరపు డిగ్రీకి సుమారు 62 వస్తాయి.

ఈ 0.8 ఎక్కడి నుంచి వచ్చిందో విప్పి చూడటం మంచిది. వైజ్ పరిమాణాలు వేగా నక్షత్రం ఆధారంగా లెక్కించినవి. సున్నా పరిమాణం అంటే డబ్ల్యూ1లో 309.5 జాన్స్కీలు (మనకు అందే వెలుగుకు కొలమానం), డబ్ల్యూ2లో 171.8 జాన్స్కీలు. మామూలు నక్షత్రానికి రంగు, అంటే ఈ రెండు పరిమాణాల తేడా, సున్నాకు దగ్గరగా ఉంటుంది. అంటే 4.6 మైక్రాన్ల వద్ద దాని వెలుగు 3.4 వద్ద ఉన్నదానిలో 0.555 వంతు, సగం కంటే కొంచెం ఎక్కువ. రంగు 0.8 అయితే ఆ నిష్పత్తి 1.16 అవుతుంది. వాలు కాస్తా ఎగుడుకు తిరిగిందన్నమాట. పరిమాణాలను జాన్స్కీల్లోకి మార్చకుండా రంగు సంఖ్యలతోనే నెట్టుకొస్తే ఈ భౌతిక అర్థం కళ్లకు కనబడదు. పైగా అన్ని పట్టీలకూ ఒకే సున్నా విలువ వాడే ఏబీ పద్ధతిలో పరిమాణాలిచ్చే మరో కేటలాగుతో కలిపేటప్పుడు సుమారు 0.64 తేడా చడీచప్పుడు లేకుండా లెక్కలోకి దూరుతుంది. కొత్తగా ఈ పని మొదలుపెట్టినవారు తరచూ తడబడేది ఇక్కడే.

మసక గెలాక్సీల దగ్గరికి వచ్చేసరికి 0.8 చాలదు. కారణం ఎరుపు విస్తరణ, అంటే విశ్వం వ్యాకోచించడం వల్ల దూరపు కాంతి తరంగాలు సాగడం. గెలాక్సీ దూరమయ్యేకొద్దీ 1.6 మైక్రాన్ల శిఖరం పొడవైన తరంగాల వైపు జరుగుతుంది. ఎరుపు విస్తరణ 1.1 దాటితే అది డబ్ల్యూ1ను కూడా దాటేస్తుంది. అప్పుడు ఏ కృష్ణబిలం ప్రమేయమూ లేని మామూలు గెలాక్సీలో కూడా డబ్ల్యూ2 వైపు వెలుగు ఎక్కువై, రంగు ఎర్రబడుతుంది. అలాంటి దూరపు గెలాక్సీలన్నీ మసకవే కనుక, మసకబారేకొద్దీ గీటురాయిని పైకి జరపాలి. రాబర్టో అస్సెఫ్ బృందం 2018లో చేసిందదే. 90 శాతం నమ్మకానికి వారిచ్చిన సూత్రంలో, డబ్ల్యూ2 విలువ 13.86 కంటే ప్రకాశవంతంగా ఉంటే రంగు 0.65 దాటితే చాలు. 15 దగ్గర 0.79 కావాలి. 16 దగ్గరికొచ్చేసరికి 1.31 కావాలి. ఇలా ఏరితే సుమారు 45 లక్షల అభ్యర్థులు మిగిలారు. అభ్యర్థులు అన్న మాటను ఇక్కడ వదులుకోకూడదు. 90 శాతం నమ్మకం అంటే అందులో నాలుగున్నర లక్షలు వేరేవి అయ్యుండొచ్చనే.

ఆ వేరేవి ఏమిటి? మొదటివి గోధుమ మరుగుజ్జులు, అంటే నక్షత్రాలుగా వెలిగేంత బరువు లేని చల్లని గోళాలు. వీటిలో చల్లని రకాల వాతావరణంలో మీథేన్ ఉంటుంది, అది 3.3 మైక్రాన్ల దగ్గర కాంతిని మింగేస్తుంది. డబ్ల్యూ1 పడిపోయి రంగు 2 కూడా దాటొచ్చు. ఇవి మన పక్కనే ఉన్నవి కనుక ఏళ్ల తరబడి తీసిన చిత్రాల్లో జరుగుతూ కనిపిస్తాయి. గెలాక్సీ జరగదు. రెండోది, మన గెలాక్సీలోనే ధూళి కప్పుకున్న పసి నక్షత్రాలు, ముసలి నక్షత్రాలు. పాలపుంత పట్టీకి పది డిగ్రీల లోపు ప్రాంతాన్ని వదిలేస్తే చాలా పీడ వదులుతుంది. మూడోది అన్నిటికన్నా మోసకారి: నక్షత్రాలు జోరుగా పుడుతున్న, భారమూలకాలు తక్కువగా ఉన్న మరుగుజ్జు గెలాక్సీలు. అక్కడి యువ నక్షత్రాలే ధూళిని అంత వేడెక్కించగలవు, వైజ్ రంగు అచ్చం క్వేసార్‌లాగే వస్తుంది. మరుగుజ్జు గెలాక్సీలో ఒక్క పరారుణ రంగును చూసి కృష్ణబిలం దొరికిందని ప్రకటించడం పొరపాటేనని మా గట్టి అభిప్రాయం.

వడపోత మొదలుపెట్టే ముందు కేటలాగులోని గుర్తులను చదవాలి. కాలుష్య గుర్తు నాలుగు పట్టీల్లోనూ సున్నాగా ఉండాలి. ఇతర అక్షరాలుంటే పక్కనున్న ప్రకాశవంతమైన నక్షత్రం నీడో, దాని కాంతి చీలికో అక్కడ పడిందని అర్థం. డబ్ల్యూ1 విలువ 8 కంటే, డబ్ల్యూ2 విలువ 7 కంటే ప్రకాశవంతంగా ఉంటే డిటెక్టరు నిండిపోయింది, కొలత అంచనాయే. దగ్గరి పెద్ద గెలాక్సీలకు చుక్కలా భావించి తీసిన కొలత వాడకూడదు, వెడల్పాటి వలయంతో తీసినది వాడాలి. డబ్ల్యూ1లో 6.1 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) లోపున్న రెండు వస్తువులు ఒకటిగా కలిసిపోతాయి, డబ్ల్యూ4లో అయితే 12 ఆర్క్‌సెకన్లు. నాలుగో పట్టీలో కొలత దొరికిందని మురిసిపోయే ముందు అది ఎవరిదో చూడాలి.

రేడియోలో చూసేది మిగులు

రేడియోలో రంగు కన్నా లెక్క ముఖ్యం. కృష్ణబిలం నుంచి ఎగజిమ్మే జెట్లలోని ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో తిరుగుతూ రేడియో తరంగాలను వెలువరిస్తాయి. సూపర్నోవాలు విసిరిన ఎలక్ట్రాన్లు చేసే పనీ అదే. రెండిటి వర్ణపటమూ ఒకేలా, పౌనఃపున్యం పెరిగేకొద్దీ సుమారు మైనస్ 0.7 ఘాతంతో తగ్గుతుంది. కాబట్టి తీరును చూసి విడదీయలేం. మొత్తం రేడియో వెలుగులోంచి నక్షత్రాల వాటా తీసేసి, మిగులు ఉందేమో చూడాలి.

ఈ తీసివేతకు ప్రకృతే ఒక సాధనం ఇచ్చింది. భారీ నక్షత్రాలు బతికున్నప్పుడు ధూళిని వేడిచేసి దూర పరారుణంలో వెలిగిస్తాయి, చచ్చేటప్పుడు సూపర్నోవాలై రేడియో వెలుగిస్తాయి. రెండూ ఒకే నక్షత్రాల పని కనుక వాటి నిష్పత్తి గెలాక్సీ గెలాక్సీకీ పెద్దగా మారదు. 1983లో ఐరాస్ ఉపగ్రహం 12, 25, 60, 100 మైక్రాన్లలో ఆకాశాన్ని కొలిచాక ఈ బంధం స్పష్టంగా బయటపడింది. దూర పరారుణ వెలుగును రేడియో వెలుగుతో భాగిస్తే వచ్చే ఈ నిష్పత్తి సంవర్గమానాన్ని క్యూ అంటారు, దాని సగటు 2.34. 1.64 కంటే తక్కువ వస్తే రేడియో మామూలు కంటే ఐదు రెట్లు ఎక్కువ ఉన్నట్టు, అంటే జెట్ ఉన్నట్టు లెక్క.

ఒక ఊహా గెలాక్సీతో చేసి చూద్దాం. 60 మైక్రాన్ల వద్ద 2 జాన్స్కీలు, 100 వద్ద 3 జాన్స్కీలు అనుకుందాం. 60 మైక్రాన్ల విలువను 2.58తో గుణించి, 100 మైక్రాన్ల విలువను కలిపితే 8.16. దాన్ని ప్రామాణిక గుణకం 1.26×10⁻¹⁴తో గుణిస్తే చదరపు మీటరుకు 1.03×10⁻¹³ వాట్లు. 3.75×10¹² హెర్ట్జ్‌తో భాగిస్తే 2.74×10⁻²⁶. క్యూ 2.34 కావాలంటే 1.4 గిగాహెర్ట్జ్ వద్ద ఈ గెలాక్సీ 12.5 మిల్లీజాన్స్కీలు ఇవ్వాలి. రేడియో కేటలాగులో 14 ఉంటే అది నక్షత్రాల గెలాక్సీయే. 100 ఉంటే క్యూ 1.44కు దిగుతుంది. ఆ మిగులును నక్షత్రాలతో పూడ్చలేం.

దూరపు గెలాక్సీలు ఐరాస్‌కు అందవు. అప్పుడు రేడియో శక్తినే తూచి చూడాలి. 1.4 గిగాహెర్ట్జ్ వద్ద హెర్ట్జ్‌కు 10²³ వాట్ల శక్తి పూర్తిగా నక్షత్రాల వల్లే రావాలంటే ఏటా సుమారు 60 సూర్యుల బరువున్న నక్షత్రాలు పుట్టాలి. అలాంటి గెలాక్సీలు ఉన్నాయి. 10²⁵ వాట్లయితే ఏటా 6000 సూర్యులు కావాలి. అది నమ్మశక్యం కాదు. దగ్గరి విశ్వంలో 10²³ వాట్ల పైన కృష్ణబిలాల రాజ్యం, కింద నక్షత్రాల రాజ్యం అని స్థూలంగా చెప్పుకోవచ్చు. హద్దు దగ్గర మాత్రం ఒక్కో గెలాక్సీనీ విడిగా పరీక్షించాల్సిందే. ఇందులో వైజ్ మూడో పట్టీ బాగా అక్కరకొస్తుంది. డబ్ల్యూ2 నుంచి డబ్ల్యూ3ను తీసేస్తే 1 లోపే వచ్చిందంటే ఆ గెలాక్సీలో కొత్త నక్షత్రాల జాడ లేదు, అదంతా ముసలి నక్షత్రాల దీర్ఘవృత్త గెలాక్సీ. అలాంటిచోట గట్టి రేడియో వెలుగు ఉంటే దానికి కృష్ణబిలమే కారణం.

ఏ సర్వే వాడాలన్నది అడిగే ప్రశ్నను బట్టి ఉంటుంది. అమెరికాలోని వీఎల్‌ఏ రేడియో టెలిస్కోపు చేసిన ఎన్‌వీఎస్‌ఎస్ సర్వే 1.4 గిగాహెర్ట్జ్ వద్ద 45 ఆర్క్‌సెకన్ల మసక చూపుతో దాదాపు 18 లక్షల ఆనవాళ్లను నమోదు చేసింది, మొత్తం వెలుగును పోగొట్టకుండా పడుతుంది. ఫస్ట్ (FIRST) అనే సర్వే అదే పౌనఃపున్యంలో 5 ఆర్క్‌సెకన్ల పదునుతో చూసింది, ఎక్కడిది అని చెప్పడంలో దిట్ట, కానీ విశాలంగా పరుచుకున్న వెలుగును జారవిడుస్తుంది. ఒకే గెలాక్సీకి ఈ రెండూ వేర్వేరు అంకెలిస్తే గాభరా పడనక్కర్లేదు, ఆ తేడాయే విస్తరించిన లోబులు (జెట్ల చివర ఉబ్బిన రేడియో మేఘాలు) ఉన్నాయని చెబుతోంది. 2017లో మొదలైన వీఎల్‌ఏఎస్‌ఎస్ సర్వే 3 గిగాహెర్ట్జ్ వద్ద 2.5 ఆర్క్‌సెకన్ల పదునుకు వెళ్లింది. తక్కువ పౌనఃపున్యంలో యూరప్‌లోని లోఫార్ రేడియో టెలిస్కోపు 144 మెగాహెర్ట్జ్ సర్వే 2022 విడుదలలో దాదాపు 44 లక్షల ఆనవాళ్లిచ్చింది. పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు 150 మెగాహెర్ట్జ్ వద్ద చేసిన టీజీఎస్‌ఎస్ కేటలాగులో సుమారు 6.2 లక్షలు ఉన్నాయి.

రెండు పౌనఃపున్యాల అంకెలు చేతికొస్తే వాలు, అంటే పైన చెప్పిన మైనస్ 0.7 లాంటి ఘాతం, కొలవొచ్చు. 1.4 గిగాహెర్ట్జ్ వద్ద 10 మిల్లీజాన్స్కీలున్న మామూలు ఆనవాలు 150 మెగాహెర్ట్జ్ వద్ద 48 ఉండాలి. మైనస్ 1.3 వాలు ఉంటే 182 ఉంటుంది, అది చాలా దూరపు రేడియో గెలాక్సీ కావచ్చు. మైనస్ 0.3 ఉంటే 20 కూడా ఉండదు. టీజీఎస్‌ఎస్ హద్దు సుమారు 25 కనుక అది కేటలాగులో కనిపించదు. లేదంటే లేదని కాదు, చదునుగా ఉందని. జెట్ మనవైపే తిరిగి ఉందేమో చూడాల్సిన సందర్భం అది.

జత కుదర్చడంలో జరిగే మోసం

రేడియో ఆనవాలుకు పరారుణ ఆనవాలును జతచేయడం చూడ్డానికి గుమస్తా పనిలా ఉంటుంది. ఈ విద్యలో ఎక్కువ తప్పులు జరిగేది అక్కడే. ఆల్‌వైజ్‌లోని 74.7 కోట్లను ఆకాశపు 41,253 చదరపు డిగ్రీలతో భాగిస్తే చదరపు డిగ్రీకి సగటున 18,100. అంటే ఎక్కడ వేలు పెట్టినా 3 ఆర్క్‌సెకన్ల వ్యాసార్ధంలో యాదృచ్ఛికంగా ఏదో ఒకటి పడే అవకాశం 4 శాతం. 10 ఆర్క్‌సెకన్లకు అది 36 శాతానికి చేరుతుంది. 20కి వెళితే సగటున 1.8 ఆనవాళ్లు ఊరికే వచ్చి పడతాయి.

ఇప్పుడు రెండు లోబులున్న రేడియో గెలాక్సీని తీసుకోండి. మధ్యలో గెలాక్సీ, అటూ ఇటూ 20 ఆర్క్‌సెకన్ల దూరంలో చెరో లోబు. ఫస్ట్ సర్వేలో ఇది రెండు వేర్వేరు ఆనవాళ్లుగా నమోదవుతుంది. అసలు గెలాక్సీ ఉన్నచోట రేడియో వెలుగు ఏమీ ఉండకపోవచ్చు. 3 ఆర్క్‌సెకన్ల వ్యాసార్ధంతో కంప్యూటరు చేత వెతికిస్తే అసలుది దొరకదు. ఎన్‌వీఎస్‌ఎస్‌లో రెండూ కలిసి ఒకే ముద్దగా కనిపిస్తాయి, కానీ ఒక లోబు రెండోదానికన్నా మూడు రెట్లు ప్రకాశవంతమైతే ఆ ముద్ద మధ్యబిందువు గెలాక్సీ నుంచి 10 ఆర్క్‌సెకన్లు పక్కకు జరుగుతుంది. సరిగ్గా ఆ వ్యాసార్ధంలోనే మూడోవంతుకు మించి అవకాశంతో పరాయి ఆనవాలు దొరుకుతుంది. దానికే దూరం, శక్తి, రంగు అన్నీ అంటగడతాం.

దీనికి విరుగుడు కష్టమైనదేమీ కాదు, ఓపిక కావాలి. రేడియో ఆనవాళ్ల స్థానాలన్నిటినీ ఒక ఆర్క్‌నిమిషం పక్కకు జరిపి మళ్లీ జతలు వెతకాలి. అప్పుడు దొరికేవన్నీ ఉత్తుత్తివే, వాటి సంఖ్యే మీ తప్పుల శాతం. పక్కపక్కనే రెండు మూడు పరారుణ ఆనవాళ్లుంటే దూరాన్ని మాత్రమే చూడకుండా ప్రకాశం, రంగు కూడా తూకంలో వేసే సంభావ్యతా నిష్పత్తి పద్ధతి వాడాలి. రేడియో గెలాక్సీలకు ఆతిథ్యమిచ్చేవి ఎక్కువగా భారీ గెలాక్సీలు కనుక ప్రకాశవంతమైనదానికి మొగ్గు ఉంటుంది. లోబులున్నవాటిని చివరికి కళ్లతో చూడాల్సిందే. 2013లో మొదలైన రేడియో గెలాక్సీ జూ ప్రాజెక్టులో వేలమంది స్వచ్ఛంద వీక్షకులు చేసింది ఈ పనే. వీఎల్‌ఏఎస్‌ఎస్ పదునులో మధ్యన చిన్న చుక్క కనిపిస్తే అదే గెలాక్సీ గుండె, వాదన అక్కడితో ముగుస్తుంది.

పరారుణం ఔనంటే రేడియో కాదంటే

జత సరిగ్గా కుదిరాక కూడా రెండు పరీక్షలూ ఒకే మాట చెప్పడం అరుదు. ఎం87 అనే భారీ గెలాక్సీని చూడండి. 2019లో మొట్టమొదటగా చిత్రం వెలువడిన కృష్ణబిలం దీని గుండెలోదే. 1.4 గిగాహెర్ట్జ్ వద్ద సుమారు 200 జాన్స్కీలతో వెలిగే రేడియో దిగ్గజం. పరారుణంలో మాత్రం దాని వైజ్ రంగు సున్నాకు దగ్గరే, సాదాసీదా ముసలి దీర్ఘవృత్త గెలాక్సీ. మరోవైపు, 0.8 గీటురాయి దాటిన క్వేసార్లలో పదింట ఒకటే రేడియోలో గట్టిగా పలుకుతుంది.

ఏ పరీక్షా తప్పలేదు. కృష్ణబిలం మేసే తీరే రెండు రకాలు. మేత సమృద్ధిగా ఉంటే వాయువు పళ్లెంలా పరుచుకుని తీవ్రంగా వెలుగుతుంది, ధూళి వేడెక్కుతుంది, పరారుణంలో పట్టుబడుతుంది. మేత పలుచగా ఉంటే ఆ పళ్లెం ఉండదు, వెలుగు తక్కువ, వేడెక్కే ధూళి ఉండదు. శక్తిలో ఎక్కువ భాగం జెట్ల రూపంలో బయటికి పోతుంది, రేడియోకే చిక్కుతుంది. పరారుణ జాబితానూ రేడియో జాబితానూ కలిపి, రెండిట్లోనూ ఉన్నవే నిజమని మిగతావి కొట్టేసే అలవాటు కొందరికి ఉంది. అలా చేస్తే ఎం87 వంటి ఒక పూర్తి జాతినే పారేసినట్టవుతుంది. రెండు పరీక్షలూ దాటినవి, ఒక్కటే దాటినవి మూడు వేర్వేరు గుంపులు. వాటిని కలపకుండా విడివిడిగానే అధ్యయనం చేయాలి.

సందేహం మిగిలినప్పుడు మూడో సాక్ష్యం కావాలి. వర్ణపటం దొరికితే ఆక్సిజన్, నైట్రోజన్ రేఖలను హైడ్రోజన్ రేఖలతో పోల్చే 1981 నాటి పటం ఇప్పటికీ చెల్లుతుంది, ధూళి మరీ దట్టంగా లేనంతవరకు. నియోవైజ్ ఆకాశంలోని ప్రతి చోటునూ ఏటా రెండుసార్లు చూసింది కనుక పదేళ్ల హెచ్చుతగ్గులు తీసి చూడొచ్చు. వేల కాంతి సంవత్సరాల మేర పరుచుకున్న కోట్ల నక్షత్రాలన్నీ కూడబలుక్కుని ఒకేసారి మసకబారలేవు. రేడియోలో ఖండాంతర దూరాల్లోని డిష్‌లను కలిపి చూసినప్పుడు చుక్క ఇంకా చుక్కలాగే ఉండి, దాని ప్రకాశ ఉష్ణోగ్రత (అంత చిన్న చోటు నుంచి అంత వెలుగు వేడి వల్లే రావాలంటే ఉండాల్సిన ఉష్ణోగ్రత) పది లక్షల కెల్విన్లు దాటితే, విస్తరించిన నక్షత్ర జనన ప్రాంతాలు అంత ఇవ్వలేవు. అక్కడ ఏదైనా సూపర్నోవా ఇటీవల పేలిందేమో ఒక్కటే చూసుకోవాలి.

2025 మార్చి 11న వెళ్లిన స్ఫీరెక్స్ అనే అంతరిక్ష టెలిస్కోపు ఇప్పుడు 0.75 నుంచి 5 మైక్రాన్ల మధ్య ఆకాశమంతటినీ 102 రంగుల్లో కొలుస్తోంది. వైజ్ ఇచ్చిన రెండు చుక్కల స్థానంలో గీత వస్తుంది. గోధుమ మరుగుజ్జులోని మీథేన్ గుంటా, జరిగిపోయిన 1.6 మైక్రాన్ల శిఖరమూ, వేడి ధూళి ఎగుడూ ఆ గీత మీద విడివిడిగా కనిపిస్తాయి. అయితే దాని ఒక్కో పిక్సెల్ 6.2 ఆర్క్‌సెకన్లు. పక్కపక్కన ఉన్న రెండు గెలాక్సీలు అందులోనూ కలిసిపోతాయి, కాబట్టి స్థానాలను ఆర్క్‌నిమిషం జరిపి చూసే ఆ పాత పరీక్ష దీనికీ చేయాల్సిందే.